వైద్యుడు చెప్పిన సంథ, రోగి వేయవలసిన వల్లె

 

 

ఈ సప్తాహములో ఇంతవరకు ధ్యానయోగమును గూర్చి చెప్పుకొనుచు వచ్చినాము. నిన్న సభ ముగిసిన పిదప ఒక పెద్దాయన నా యొద్దకు వచ్చి, "అయ్యా! నాకు గుండెలో స్టెంటు వేసినారు. రక్తపోటు కూడ ఉన్నది. సంధ్యావందనము తప్పినను తప్పునేమో కాని మాత్రలు మ్రింగుట తప్పదు. ఇప్పుడు అదియే నా నిత్యకర్మ అయినది" అని నవ్వినారు. నవ్వినారే కాని ఆ నవ్వులో దుఃఖమున్నది. నిలుచున్నచోటనే రెండు మాటలు చెప్పి పంపినాను. రాత్రి పడుకొన్న తరువాత అది చాలదనిపించినది. ఈ మండపములో కూర్చున్నవారిలో ఆయనవంటివారు ఎందరో ఉందురు. అందుచేత ఈ సాయంకాలము శ్లోకవ్యాఖ్యానమును ప్రక్కన పెట్టి, ఈ విషయమునే మాట్లాడుచున్నాను. నేను వైద్యుడను కాను. 2007 నుండి రక్తపోటు ఉన్న రోగిని. ఆ అధికారముతోనే మాట్లాడుచున్నాను.

చరకసంహిత సూత్రస్థానములో చికిత్సకు నాలుగు పాదములని చెప్పబడినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగికి ఉండవలసినవి జ్ఞాపకశక్తి, చెప్పినట్లు చేయుట, భయపడకుండుట, తన బాధను ఉన్నదున్నట్లు చెప్పగలుగుట. తరువాతి కాలపువాడైన వాగ్భటుడు జ్ఞాపకశక్తి ఉన్నచోట ధనమును చేర్చినాడు. ఈనాటి ఆసుపత్రి బిల్లులు చూచినవారికి ఆయన దూరదృష్టి బోధపడును! అది అటుంచుదము. మీరు గమనింపవలసినది ఒకటి. రోగి తక్కిన మూడు కాళ్ళ మీద పరుండినవాడు కాడు. తాను కూడ ఒక కాలు. ఆ కాలు విరిగినచో ధన్వంతరి వచ్చినను మంచము ఒరుగును.

మా పాఠశాలలో గురువుగారు సంథ చెప్పెడివారు. ఆయన ఒకమారు పలికినచో మేము రెండుమార్లు పలుకవలెను. సంథ అయిన తరువాత వల్లె. వల్లె వేయునప్పుడు గురువుగారు ప్రక్కన ఉండరు. తెల్లవారుజామున అరుగు మీద మేమే. సంథ ఎంత గొప్ప గురువు చెప్పినను వల్లె వేయనివానికి వేదము రాదు. వైద్యము కూడ అట్టిదే. డాక్టరుగారు మూడు నెలలకొకమారు మనలను పది నిమిషములు చూతురు. అది సంథ. మిగిలిన తొంబది దినములు వల్లె. ఏమి తినుచున్నాము, ఎంత నడచుచున్నాము, మాత్ర వేసికొన్నామా లేదా అని ఆయన మన వంటింటికి వచ్చి చూడరు గదా!

హృదయమును గూర్చి మన పెద్దలు ఎంతో చెప్పినారు. అధోముఖముగానున్న తామరమొగ్గవలె ఉండునని నారాయణసూక్తము. ఆ చిన్న పద్మగృహములోని ఆకాశమునందే సర్వమును ఉన్నదని ఛాందోగ్యములోని దహరవిద్య. బృహదారణ్యకములో హృదయశబ్దమును మూడు అక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను అర్థములు చెప్పినారు. రక్తప్రసరణము ఇందులోనే ఉన్నదని కొందరు ఆధునికులు ఉత్సాహపడుదురు. నేను అంత సాహసము చేయను. అక్కడ చెప్పినది బ్రహ్మవిద్య. కాని ఏ స్థానమును భగవంతుని పీఠమని ఉపాసించుచున్నామో, ఆ స్థానముననే ఈ పిడికెడు కండ దినమునకు సుమారు లక్షమార్లు కొట్టుకొనుచున్నది. గర్భాలయము గోడకు బీట పడినచో మరమ్మతు చేయించమా?

రక్తపోటు అనగా రక్తము నాళముల గోడలను నెట్టు బలము. గుండె ముడుచుకొన్నప్పటిది పై సంఖ్య, వదులైనప్పటిది క్రింది సంఖ్య. 120, 80 కంటె తక్కువగా ఉండుట మంచిది. వైద్యుని యొద్ద పలుమార్లు చూచినను 140, 90 దాటుచున్నచో అది వ్యాధి. చేతికి పట్టీ చుట్టి కొలుచు పద్ధతిని 1896లో ఇటలీ దేశపు రివా రోచీ కనుగొన్నాడు. 1905లో రష్యా దేశపు కొరొట్కాఫ్ ఆ పట్టీ క్రింద శబ్దమును విని రెండు సంఖ్యలను నిర్ణయించు మార్గము చూపినాడు. శబ్దమును విని సత్యమును తెలిసికొనుట మనకు క్రొత్త కాదు గదా!

ఈ వ్యాధిలోని మోసమేమనగా నొప్పి ఉండదు. ప్రపంచములో రక్తపోటు ఉన్నవారిలో దాదాపు సగము మందికి తమకు అది ఉన్నదనియే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చెదలు పట్టిన దూలమునకు పైన రంగు బాగుగానే ఉండును. లోపల మెదడు, మూత్రపిండములు, కన్నులు, గుండె, అన్నియు కొంచెము కొంచెముగా తినబడుచుండును. తలనొప్పి లేదు కనుక నాకు బి.పి. లేదనువారు చాలమంది ఉన్నారు. నేనును అట్లే అన్నాను.

నా సంగతి చెప్పెదను. ఇంతవరకు సభలో చెప్పలేదు.

2012 కార్తీకమాసములో ఒక గ్రామములో వేదపారాయణమునకు వెళ్ళినాను. అప్పటికి అయిదు సంవత్సరములుగా మాత్రలు వేసికొనుచున్నాను. సంఖ్య 130 దగ్గర నిలకడగా ఉన్నది. "తగ్గిపోయినది గదా, దీక్షలో ఈ మందులెందుకు?" అనిపించినది. అందులో ఒకటి గొట్టము మందు. ఆ పైపొర జంతుసంబంధమైనదని ఎవరో చెప్పినారు. ఆ మాట సాకుగా దొరకినది. సాకు అని ఇప్పుడు అనుచున్నాను, అప్పుడు నియమమనుకొన్నాను. ఎవరికిని చెప్పకుండ మానివేసినాను.

మూడు వారములు ఏమియు కాలేదు. ఒక ఉదయము అభిషేకములో నమకము నాల్గవ అనువాకము మధ్య నాలుక మడతపడినది. నిద్రలో లేపి అడిగినను తప్పని అనువాకము. స్వరము లోపల తెలియుచున్నది, వర్ణము వెలుపలికి వచ్చుటలేదు. చేతిలోని ఉద్ధరిణ జారి పడినది. ప్రక్కనున్న ఘనపాఠిగారు నేను మరచితిననుకొని అందించినారు. ఆయన పలికినది వినబడుచున్నది, పలుకలేకున్నాను. ఎనిమిదవ ఏట పాఠశాలలో చేరినది మొదలు నాకున్న ఆస్తి ఆ ఒక్క గొంతు. ఆ రెండు గంటలు ఎట్లు గడచినవో నేను చెప్పజాలను.

ఆసుపత్రికి తీసికొనిపోయినారు. పోటు 210, 120. నా మనుమని వయస్సున్న డాక్టరుగారు ఒక్కటే అడిగినారు: "మాత్రలు ఎప్పటినుండి మానినారు?" అప్పటికి మాట కొంత వచ్చినది. వచ్చిన మొదటి మాటతో అబద్ధమాడినాను. "మానలేదు" అన్నాను. సాయంకాలమునకు మా ఇంటివారు వచ్చినారు. నా సంచి విప్పి విప్పని మాత్రల అట్టలను బల్ల మీద వరుసగా పెట్టినారు. ఆమె ఏమియు అనలేదు. డాక్టరుగారును ఏమియు అనలేదు. చరకుడు చెప్పిన నాల్గవ గుణము, ఉన్నదున్నట్లు చెప్పుట, నాకు ఆనాడు లేకపోయినది. మాట పూర్తిగా తిరిగి వచ్చినది భగవదనుగ్రహము. "ఇది హెచ్చరిక మాత్రమే, మరియొకసారి ఇట్లే వదలిపెట్టునని అనుకొనవద్దు" అని వారు చెప్పి పంపినారు.

దీనికి చరకుడు పెట్టిన పేరు ప్రజ్ఞాపరాధము. బుద్ధి, ధైర్యము, జ్ఞాపకము భ్రంశము కాగా మనుష్యుడు తెలిసి తెలిసి చేయు తప్పు. మాత్ర వేసికొన్నందువలననే సంఖ్య తగ్గినది. తగ్గినది కనుక మాత్ర అక్కరలేదనుట, ఇల్లు నిలిచియున్నది కనుక స్తంభము తీసివేయుదమనుట వంటిది. మాత్రను తగ్గించుట, మార్చుట వైద్యునితో చెప్పి చేయవలసిన పని. కాళ్ళు వాచుచున్నవి, పొడిదగ్గు వచ్చుచున్నది అని అనిపించినచో ఆ మాటయే చెప్పుడు. వేరు మందు ఇత్తురు. గొట్టము మందు మీద అభ్యంతరమున్నచో అదియు చెప్పవచ్చును. అనేక మందులు బిళ్ళల రూపములో దొరకును. నేను నోరు విప్పి అడిగియుండినచో అయిదు నిమిషములలో తేలిపోయెడి సంగతి అది.

ఔషధము వ్రతమును చెరచునా? చెరచదు. మహాభారతము ఉద్యోగపర్వములో విదురుడు వ్రతభంగము కలిగింపనివి ఎనిమిది చెప్పినాడు. నీరు, దుంపలు, పండ్లు, పాలు మొదలైనవాటితోపాటు గురువాక్యమును, ఔషధమును అందులో చేర్చినాడు. మనము ప్రతిదినము చదువు విష్ణుసహస్రనామములో భేషజము, భిషక్కు అని రెండు నామములు ప్రక్కప్రక్కన ఉన్నవి. మందు ఆయనయే, వైద్యుడును ఆయనయే. శ్రీరుద్రములో రుద్రుని దేవవైద్యులలో మొదటివానిగా స్తుతించినారు. ఆ నామములు నోట పలుకుచు మందును మురికివస్తువువలె చూచుట ఏమి భక్తి? ఏకాదశినాడు కూడ మాత్ర నీటితో వేసికొనవచ్చును. కాని నీరు సైతము త్రాగని ఉపవాసము, మూత్రము ఎక్కువగా పోవు మందులు వాడువారికి, మధుమేహమున్నవారికి ప్రమాదకరము. అట్టివారు ముందుగా డాక్టరును అడుగవలెను. మిక్కిలిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీతలో ఆరవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చినాడు.

ఇక ఉప్పు. ఇక్కడ కొంచెము ఎక్కువసేపు నిలువవలసియున్నది, ఎందుకనగా మన తెలుగువారి బలహీనత అంతయు ఇక్కడనే ఉన్నది. అతిగా వాడరాని ద్రవ్యములు మూడని చరకుడు విమానస్థానములో చెప్పినాడు: పిప్పలి, క్షారము, లవణము. మూడవది మన నాలుక మీద కాపురముండును. పెద్దలకు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ, అనగా ఇంచుమించు ఒక చిన్న చెంచా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అన్నములో కలుపుకొన్నది మాత్రమే ఉప్పు అనుకొనవద్దు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు, మజ్జిగలో చిటికెడు, ఇవన్నియు లెక్కలోనివే. బజారు నుండి తెచ్చు కారప్పూస, చిప్సు, బిస్కట్లు సరేసరి. "కూరలో ఉప్పు తగ్గించినాము" అని చెప్పి ఆవకాయ జాడీ దగ్గరకు జరుపుకొనువారిని చూచినాను. మా ఇంటిలోనే చూచినాను, అద్దములో.

సైంధవలవణము వ్రతములలో వాడుదుము గనుక అది బి.పి.ని పెంచదని ఒక నమ్మకము ఉన్నది. అది కూడ దాదాపు అంతయు అదే సోడియము ఉప్పు. పవిత్రమైనదే, కాని నాళములకు ఆ భేదము తెలియదు. అంగడిలో సోడియము తగ్గించిన ఉప్పు అని ఒకటి దొరకును. అందులో పొటాషియము కలిపియుందురు. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారికి, కొన్ని రకముల రక్తపోటు మాత్రలు వాడువారికి అది హాని చేయును. అడుగకుండ కొనవద్దు. మోకాలినొప్పికి అంగడిలో అడిగి తెచ్చుకొను నొప్పిమాత్రలును పోటును పెంచును. ఇది చాలమందికి తెలియదు.

ఉప్పు తగ్గించిన మొదటి దినములలో అన్నము మట్టివలె ఉండును. మా ఇంటివారు ఒకేసారి మానిపింపలేదు. వారమువారము కొంచెముగా తగ్గించి, నిమ్మరసము, వాము, కొత్తిమీర, మిరియములతో రుచి పూరించినారు. రెండు నెలలకు పొరుగింటి పప్పు ఉప్పుకషాయమువలె తోచినది. నాలుకకు కూడ అభ్యాసమే గురువు.

ఇంటిలో పోటు కొలుచుకొను యంత్రము ఇప్పుడు సులభముగా దొరకుచున్నది. మణికట్టుకు కట్టునది కాక, మోచేతి పైభాగమునకు చుట్టునది మేలు. పట్టీ చేతికి తగినంత ఉండవలెను. కొలుచుకొనుటకు ఒక నియమము ఉన్నది, అది మీకు క్రొత్త కాదు. జపమునకు కూర్చున్నట్లు కూర్చుండుటయే. కాని పద్మాసనము వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదములు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండ, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచవలెను. అంతకుముందు అరగంట కాఫీ, పొగాకు, వ్యాయామము పనికిరావు. మూత్రవిసర్జన చేసి రావలెను. అయిదు నిమిషములు ఊరక ఉండి, మౌనముగా కొలువవలెను. ఒక నిమిషము ఆగి మరియొకమారు. ఉదయము మందు వేసికొనకముందు, సాయంకాలము. రెంటిని తేదీతో వ్రాసికొనవలెను. ఇంటివద్ద 135, 85 దాటుచున్నచో డాక్టరుకు చూపవలెను. ఒక్కమారు ఎక్కువ వచ్చినదని కంగారుపడి గంటకు పదిమార్లు కొలుచుకొనుట మరియొక జబ్బు. ఆ కంగారుకే పది పెరుగును.

అనుష్ఠానమును గూర్చి పెద్దాయన అడిగిన ప్రశ్నకు వచ్చుచున్నాను. ఆతురునికి శాస్త్రము ఎన్నడును కఠినము కాలేదు. మాఘములో చన్నీటిస్నానము గొప్పదే. కాని చలికి నాళములు ముడుచుకొని పోటు పెరుగును. గుండెపోట్లు ఉదయకాలమున ఎక్కువని వైద్యులు చెప్పుదురు. గోరువెచ్చని నీటితో చేయవచ్చును. అదియు చేయలేనివారికి మంత్రస్నానము, మానసస్నానము ధర్మశాస్త్రములో ఉండనే ఉన్నవి. ప్రాణాయామములో ఊపిరి బిగబట్టు కుంభకము, వేగముగా చేయు భస్త్రిక, కపాలభాతి, తలక్రిందుల ఆసనములు గుండెజబ్బువారు తమంతట చేయరాదు. మెల్లగా పీల్చి మెల్లగా విడుచుట చాలును, మంచిదియును. సాష్టాంగము చేసి ఒక్కసారిగా లేవవద్దు. పోటు తగ్గించు మందులు వాడువారికి కండ్లు చీకట్లు కమ్మి పడిపోవు ప్రమాదమున్నది. మోకాళ్ళ మీద కాసేపు కూర్చుండి, స్తంభము పట్టుకొని లేచినను స్వామి తప్పుపట్టడు. అలిపిరి నుండి తిరుమలకు మెట్లు 3,550. మ్రొక్కు ఉన్నదని గుండెజబ్బువారు ఎక్కుచుందురు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానమువారే భక్తులకు చెప్పుచున్నారు. బస్సులో వచ్చినవానిని వేంకటేశ్వరుడు ప్రక్కకు నెట్టునా? దినమునకు అరగంట, డాక్టరు అనుమతించినంత వేగముతో, మీ ఊరి గుడి చుట్టును నడువుడు. అదియు ప్రదక్షిణమే.

వేరు మందులు, పసరు మందులు గూర్చి ఒక మాట. సర్పగంధ అను మన మూలిక రక్తపోటుకు పనిచేయునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఆంగ్లవైద్యపత్రికలో ప్రకటించగా ప్రపంచమంతయు గమనించినది. 1952లో దానినుండి రిసెర్పిన్ అను మందును తీసినారు. మన మూలికకు ఆ గౌరవము దక్కుట నాకు గర్వకారణమే. కాని అదే మందు కొందరికి మనస్సును క్రుంగదీసినదనియు తరువాత తెలిసినది. పనిచేయు మూలిక కనుకనే అది తప్పుగను పనిచేయగలదు. ఆయుర్వేదము వాడువారు వాడుడు. వైద్యులిద్దరికిని రెండవవారి మందు చూపుడు. దాచవద్దు. దాచినవాని కథ ఇప్పుడే విన్నారు.

సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఉన్నది. ఇంటిలో అందరికి మాత్రలు అందించు చేయి తన మాత్ర మరచును. ఆడవారికి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీనొప్పి స్పష్టముగా లేకుండ ఆయాసము, వాంతి, దవడనొప్పి, విపరీతమైన నీరసము మాత్రమే ఉండవచ్చును. "వంటింటి వేడికి" అనుకొని పడుకొందురు. మగవారు "గ్యాసు" అనుకొని సోడా త్రాగుదురు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఇవి కొన్ని నిమిషములు నిలిచినచో ఆలస్యము చేయరాదు. నోరు ఒకవైపు వంకరపోయినను, ఒక చేయి లేవకున్నను, మాట తడబడినను అంతే. మెదడులో గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇత్తురు. నాకు ఆనాడు తగ్గిపోయినది గాని, తగ్గునో తగ్గదో చూతమని ఇంటిలో కూర్చుండరాదు. 108 కు ఫోను చేయుడు. 2005లో హైదరాబాదు నుండి ఆ సేవ మొదలైనప్పుడు ఆ సంఖ్య ఎవరు ఎంచినారో గాని అష్టోత్తరము చేయువారికి మరచుట కష్టము. నాలుక క్రింద పెట్టుకొను మాత్ర డాక్టరు ముందే ఇచ్చియున్నచో, కూర్చుండి పెట్టుకొనవలెను. నిలబడి కాదు. తానే బండి నడుపుకొని ఆసుపత్రికి పోరాదు.

గుండె బలహీనపడినదని చెప్పించుకొన్నవారు ప్రతి ఉదయము బరువు చూచుకొనవలెను. రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నిలిచిన నీరు. పాదములు వాచుట, వెల్లకిల పడుకొన్నప్పుడు ఆయాసము కూడ అదే చెప్పును. ఆ దినముననే కబురు పెట్టవలెను.

నా పుస్తకము తెచ్చినాను, ఇదిగో. పాఠశాలలో వల్లె వేసిన పనసలకు గీతలు పెట్టుకొనెడివారము. ఇందులోను అట్లే గీతలు. ఈ ఉదయము 128, 78. మొన్న గృహప్రవేశపు భోజనము తరువాత 146. ఆ గీత ప్రక్కన మా ఇంటివారి దస్తూరితో "ఆవకాయ" అని ఉన్నది. డాక్టరుగారు ఆ పుట చూచి నవ్వినారు, నేను కాదనలేదు.

హారతికి వేళ అగుచున్నది. ఈ సాయంకాలము ప్రసాదము పులిహోర, దద్ధోజనము. ప్రసాదమును కాదనరాదు, కడుపు నింపుకొనవలసిన పనియు లేదు. కన్నుల కద్దుకొని ఒక ముద్ద తీసికొనుడు. నిన్నటి పెద్దాయన ఇక్కడ ఉన్నచో హారతి తరువాత ఒకమారు నన్ను కలియవలెను. యంత్రమును నేను సంచిలో తెచ్చినాను.

స్వస్తి.